నాయిన దిద్దిన ముఖాలు

ఒక్కటే అయితే ప్రింటు చెడిందనుకునేది. ఇరవై నాలుగూ అట్లాగే ఉన్నాయి.

నీలిమ ముందుగదిలో మోకాళ్ల మీద కూర్చుని అట్టపెట్టెల్లోంచి ఫొటోలు తీస్తోంది. ఒక్కోటీ నడుమెత్తు ఉంది. సోఫాకు ఆనించింది, సోఫా నిండింది. టీవీ కింద పెట్టింది, అదీ నిండింది. వరస మెట్ల దాకా పోయింది. అందరూ నల్లజాతి ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. రేపు శనివారం పొద్దున పదింటికి లైబ్రరీ హాల్లో గోడకెక్కాల్సిన ముఖాలు.

ముక్కులవే. కళ్లవే. నవ్వులూ అవే. రంగు మాత్రం ఎవరో తోడేసినట్టు పోయింది.

చిక్కటి నుదుళ్లు పాలెక్కువైన చాయలా అయ్యాయి. చెంపల మీద వెలుగు జారి మెరవాల్సిన చోట గోధుమపిండి అద్దినట్టుంది. బస్సు నడిపే అరవయ్యేళ్లావిడ కళ్ల కింద ఒక్క ముడత మిగల్లేదు. చంటిదాన్ని ఎత్తుకున్న తల్లికి చేతులొక రంగు, ముఖమొక రంగు.

“ఎవలు జేసిన్రు ఇది?” అని అరిచింది నీలిమ.

వంటింట్లోంచి రామలింగయ్య రెండు చాయ కప్పులతో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. జనగామలో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. కూతురింటికి ఆరు నెలలకని వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో లీసెస్టర్ చలి గురించి తప్ప దేని గురించీ ఆయనకు ఫిర్యాదు లేదు.

“అచ్చినయా బిడ్డా? మంచిగచ్చినయా?”

“నాయినా, నువ్వు జేసినవా ఇది?”

“మరెవలు జేస్తరు?” ఆయన కప్పులు కింద పెట్టి దగ్గరున్న ఫొటోను ముద్దుగా చూసుకున్నాడు. “మూడు దినాలు గూసున్న. కండ్లు గుంజినయ్. ఒక్కొక్క ముఖానికి గంట వట్టింది. నువ్వేమో ఊకె ల్యాబుకు పంపుమని చెప్పి డ్యూటీకి వోయినవ్. టచింగ్ లేకుంట ఎట్ల పంపుత? ఇజ్జత్ ఉంటదా?”

సోమవారం తను పనిచేసే సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ అమ్మాయి సెలవు పెడితే డ్యూటీలు మార్చారు. మూడు రోజులు నీలిమకు రోజూ రెండేసి షిఫ్టులు పడ్డాయి. ఫొటోలన్నీ సిద్ధం చేసి పెట్టి, నాయినా, ఇవి ల్యాబుకు అప్‌లోడ్ చెయ్యి అని చెప్పి వెళ్లింది. ఆయనకు కంప్యూటరు కొత్తేం కాదు. స్టూడియోలో పెన్సిలు పోయి మౌసు వచ్చినప్పుడే నేర్చుకున్నాడు. అడిగింది ఒక్క బటను నొక్కమని. ఆయన నలభై ఏళ్ల పనితనమంతా చూపించాడు.

“ముడతలు దీసిన. మచ్చలు దీసిన. వెలుతురు తక్కువైన కాడ జర తెలుపు వెంచిన.”

“వెలుతురు తక్కువ గాలే నాయినా. వాళ్లు నల్లగున్నరు.”

“గదే గద నేననేది!”

ఆయన చాయ కప్పు చేతికివ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

“పాతయి ఉన్నయా?”

“వాటి మీదనే సేవ్ గొట్టిన.”

కెమెరా లోంచి దింపిన అసలు ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. అవి పోలేదు. కానీ అప్పటికప్పుడే ల్యాబుకు ఫోను చేసింది. ఇంత పెద్ద ప్రింట్లు మంగళవారం గానీ రావన్నారు. మంగళవారం ఎవరి కోసం? రేపు పదింటికి ఈ ఆడవాళ్లంతా పిల్లలకు తల దువ్వి, మంచి బట్టలు తొడిగి, తమను తాము చూసుకోవడానికి వస్తారు. వచ్చి ఎవరిని చూసుకుంటారు?

మేడ మీద నుంచి భర్త అమరేందర్ దిగాడు. మెడలో హెడ్‌సెట్ వేలాడుతోంది. శుక్రవారం ఇంటి నుంచే పని.

“అరె, మెల్లగ నీలా. కాల్‌ల ఉన్న. మా మేనేజర్ ఎవరు చనిపోయిన్రని అడుగుతున్నడు.”

“ఇరవై నాలుగు మంది చనిపోయిన్రని చెప్పు.”

అమరేందర్ వరసంతా చూశాడు. చూసి, మామగారి ముఖం చూసి, రెంటి మధ్యా ఒక మాట వెతుక్కున్నాడు.

“మంచిగనే ఉన్నయ్ గద. క్లియర్‌గ ఉన్నయ్. అంత దగ్గరికి వోయి ఎవలు జూస్తరు? నిజం చెప్పాల్నంటే నల్లోళ్లు గూడ ఫెయిర్‌గ కనవడితే ఖుషీ అయితరు.”

“ఎవలు చెప్పిన్రు నీకు?”

“ఎవలు చెప్పుడేంది? అందరు అట్లనే గద.”

“నల్లోళ్లు అంటున్నవ్. నేనెవలను?”

“నువ్వు వేరే. మనం వేరే.”

“ఆ ఆగస్టుల ఇంగ్లండంత వలసొచ్చినోళ్ల మీద లొల్లైనప్పుడు, బస్ స్టాపుల నీ మీద సీసా ఇసిరినోడు ‘గో హోం’ అన్నడు గద? వాడు నిన్ను వేరే అనుకున్నడా? వాని చేతిల రంగుల పట్టీ ఉన్నదా, నువ్వింత నలుపు, చిపో అంత నలుపు అని కొలిసి చూడనీకె? ఆ వారమంత నువ్వు కర్టెన్లు మూసి కూసున్నవ్. పిల్లను సమ్మర్ క్లబ్బు నుంచి తెచ్చి ఇంట్ల దింపింది ఎవలు?”

తెచ్చింది నీలిమ స్నేహితురాలు చిపో. ఆ సంగతి అమరేందర్‌కు తెలుసు. తెలిసిన సంగతి గుర్తు చేస్తే మగాడికి కోపమే వస్తుంది.

“ఇప్పుడది ఎందుకు తీస్తవ్? అసలు మన అసోసియేషన్ గ్రూపుల ఏమనుకుంటున్నరో తెలుసా? బతుకమ్మకు ఫొటోలు తియ్యమంటే టైం లేదన్నది, వాళ్లకైతే ఏడాది సంది తీస్తున్నది అని. నాకు తలకాయ ఎత్తుకోరాకుంటున్నది.”

“బతుకమ్మ ఫొటోలు పోయినేడు తీసిన. స్నేహలత ఆంటీ ఫోన్ చేసి ఏమడిగిందో తెలుసా? ‘జర తెల్లగ చేసి పంపు బిడ్డా, ఇండియాల సంబంధాలోళ్లకు చూపియ్యాలె’ అన్నది. నూట నలభై ఫొటోలు తీస్తే ముప్పై మంది గదే అడిగిన్రు. గందుకే ఈయేడు టైం లేదన్న.”

హెడ్‌సెట్‌లోంచి ఎవరో అమరేందర్ పేరు రెండుసార్లు పిలిచారు.

చిపో ఆ సర్జరీలోనే నర్సు. జింబాబ్వే నుంచి వచ్చి ఇరవై ఏళ్లైంది. ఆమె కూతురు రుఫారో, నీలిమ కూతురు సహస్ర ఒకే తరగతి, ఎనిమిదేళ్ల వాళ్లు. నిరుడు నవంబరులో ఒకరోజు రుఫారో బడి నుంచి వచ్చేసరికి ముఖం మీద, చెవుల వెనక, జడల సందుల్లో ఏదో పొడి పిసికి ఉంది. బాగా రుద్దుకుంటే తెల్లగవుతావని ఎవరో అన్నారట. ఎవరు అంటే చెప్పలేదు. ‘చుక్కల డబ్బా’ అని ఒక్క మాట అంది, అంతే. క్రాఫ్టు గదిలో చుక్కల డబ్బాలు బోలెడున్నాయనీ, పిల్లలు పొడితో ఆడుకున్నారనీ బడివాళ్లు ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నారు.

చిపోతో పాటు హెడ్‌టీచర్ దగ్గరికి నీలిమ కూడా వెళ్లింది. చిపో కంటే గట్టిగా అరిచింది. “ఇది చేసిన పిల్లను అని ఏం లాభం? ఆ పిల్లకు ఇంట్లో ఇది నూరిపోసిన తల్లెవరో నాకు చూపించండి. ఆమె ముఖం ఒక్కసారి చూడాలి” అంది. చిపో ఆ రోజు ఆమె చేయి పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత బడిలో ఫొటోల రోజున రుఫారో టాయిలెట్లో దాక్కుంది. అక్కడ మొదలైంది ఈ పని. నీలిమ ఏడాది పాటు ప్రతి సెలవు రోజూ కెమెరా పట్టుకుని తిరిగింది. చర్చి మెట్ల మీద, సెలూన్లో, బస్ డిపోలో. నల్లటి చర్మం మీద వెలుగు ఎక్కడ పడితే అది తన రంగులో నిలుస్తుందో నేర్చుకోవడానికి సగం ఏడాది పట్టింది. కెమెరా లెక్కలన్నీ మొదట్నుంచీ తెల్లతోలు కోసం వేసినవి. వాటిని ఒక్కొక్కటే విరగ్గొట్టుకుంటూ వెళ్లింది. ఆఖరి ఫొటోకు రుఫారో తనంతట తానే వచ్చి కూర్చుని గడ్డం పైకెత్తింది.

ఇప్పుడా గడ్డం మెట్ల పక్కన నిలబడి ఉంది. తెల్లగా.

“నేనేదో దొంగతనం జేసినట్టు జూస్తున్నవేంది బిడ్డా?” అన్నాడు రామలింగయ్య. ముఖంలో వెలుగు ఆరిపోయింది. “మంచికే జేసిన.”

“నీ మంచి గురించి నాకు చెప్పకు.”

“నలభై ఏండ్లు జేసిన. ఒక్కలు వాపస్ తెచ్చి ‘నా ముఖం నాకియ్యి’ అనలే. నీ పెండ్లి చూపుల ఫొటోకు గూడ నేనే జేసిన. అప్పుడు మంచిగుండె, ఇప్పుడు చెడ్డగైందా?”

నీలిమ లేచింది. మెట్ల కింది అలమారా తెరిచి, చీరల అడుగున ఉన్న కవరు లాగింది. అందులో ఒక్కటే ఫొటో. ఆకుపచ్చ చీర, చేతిలో పుస్తకం, వెనక స్టూడియో తెర. ముఖం వెన్నముద్ద.

దాన్ని తెచ్చి అమరేందర్ చేతిలో పెట్టింది.

“మీ అమ్మ ఇది పట్టుకొని మా ఇంటికొచ్చింది. యాదికున్నదా? నేను చాయ పళ్లెం పట్టుకొని ముంగట నిలవడ్డ. ఫొటో జూసింది. నన్ను జూసింది. మళ్ల ఫొటో జూసింది. ‘పిల్ల ఏది?’ అన్నది.”

“అమ్మ ఊకె నవ్వులాటకన్నది...”

“పద్నాలుగేండ్లాయె. నాకింక నవ్వు రాలే.”

అమరేందర్ ఫొటోను తిరగేసి పట్టుకున్నాడు, దానివైపు చూడకుండా ఉండటానికి.

రామలింగయ్య సోఫా అంచున కూర్చోబోయి, అక్కడ ఫొటోలున్నాయని గుర్తొచ్చి, నిలబడే ఉండిపోయాడు.

“ముగ్గురు వాపస్ వోయిన్రు బిడ్డా,” అన్నాడు మెల్లగా. “పిల్ల నల్లగున్నదని. నీకు మీ అమ్మ చెప్పలే. నేను చెప్పనియ్యలే. నువ్వు నల్లగున్నవని నాకెన్నడన్న అనిపిచ్చిందా? లోకానికి అనిపిస్తది. లోకం నోరు మూపియ్యనీకె జేసిన.”

“లోకం నోరు మూయలే నాయినా. నువ్వు మూసింది నా ముఖాన్ని.”

ముసలాయన కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. కానీ జనగామ బజారులో నలభై ఏళ్లు దుకాణం నడిపినవాడు ఒక దెబ్బకు పడడు.

“మరి నువ్వు? ఆదివారం ఆదివారం పొల్లను బాత్‌రూంల కూసోవెట్టి నలుగు రుద్దుతవ్ గద. ‘ఎండకు తిరిగి నల్లవడ్డవ్’ అనుకుంట. అదేంది?”

“అది తోలుకు మంచిది. అది వేరే.”

“ఆఁ. వేరే.”

ఆయన చల్లారిన చాయ కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినబడింది. రెండు కప్పులు కడగడానికి అంత నీరెందుకో ఎవరూ అడగలేదు.

మూడున్నర దాటాక బెల్లు మోగింది. శుక్రవారాలు ఇద్దరు పిల్లలనూ బడి నుంచి తెచ్చేది చిపో.

“వద్దని చెప్పు,” అన్నాడు అమరేందర్ గొంతు తగ్గించి. “ఒంట్లో బాలేదని చెప్పు. ఈ ఒక్కపూట.”

“రేపు ఏం చెప్పాలె?”

నీలిమ తలుపు తీసింది. పిల్లలిద్దరూ బ్యాగులు గుమ్మంలో పారేసి, ఫొటోల మధ్య నుంచి దూకుతూ పైకి పరుగెత్తారు. వాళ్లకు ముఖాలు చూసే తీరిక లేదు. సహస్ర కొత్త జెల్ పెన్నులు చూపించాలి.

చిపోకు తీరికుంది. ఆమె కోటు విప్పలేదు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క ఫొటో చూసుకుంటూ వచ్చింది. రోజూ సర్జరీలో పేషెంటు తర్వాత పేషెంటును చూసినట్టు, తొందర లేకుండా. తన ఫొటో దగ్గర ఆగింది.

“నన్నెవరు కడిగారు?” అంది.

చిపో మాట్లాడేది ఇంగ్లీషు. కోపమొస్తే ఆ ఇంగ్లీషు ఇంకా నెమ్మదవుతుంది.

“మా నాన్న,” అంది నీలిమ. “నాకు తెలియకుండా. ఊళ్లో స్టూడియోలో అందరికీ ఇట్లాగే చేస్తాడు. నాకూ చేశాడు.”

రామలింగయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడొచ్చినా చిపో ఆయన ముందు మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులూ కలిపి మెల్లగా తట్టి ‘సెకురు’ అని పలకరిస్తుంది. వాళ్ల భాషలో తాత అని. ఆయనకది ఎంతో ఇష్టం. ఇవాళా ఎదురుచూశాడు. ఆమె పలకరించలేదు.

“గుడ్?” అన్నాడాయన. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోంచి ఏరుకుని. “బ్యూటిఫుల్?”

చిపో ఆయన వైపు చూసి మళ్లీ నీలిమ వైపు తిరిగింది.

“ఈ ఫొటో కింద మా అమ్మ పేరు రాయమన్నాను. నా నుదురు మా అమ్మది కాబట్టి. ఇప్పుడు మా అమ్మ చూస్తే, ఈ జబ్బు మనిషెవరు అంటుంది.”

“చిపో, నేను...”

“ఆగు. నేనూ నా కూతురూ కాక ఈ ఇరవై రెండు మందినీ నీ దగ్గరికి తెచ్చింది ఎవరు? మొదట ఎవరూ రామన్నారు. ఇండియా వాళ్ల దుకాణాల్లో మా వెనకే ఒకడు నడుస్తాడు, ఏం దొంగిలిస్తామో అని. అద్దె ఇల్లుందా అని ఫోను చేస్తే ఉందంటారు, మనిషిని చూస్తే ఇప్పుడే పోయిందంటారు. వాళ్ల చేతిలో మా ముఖాలు పెట్టాలా అన్నారు. ఈమె అట్లాంటిది కాదని నేను చెప్పాను. నా మాట మీద వచ్చారు. రేపు పదింటికి వాళ్లకు నేనేం చెప్పాలి?”

అమరేందర్ గొంతు సవరించుకున్నాడు. “చిపో, లుక్, ఆయన పెద్దమనిషి. చెడు చెయ్యాలని కాదు...”

“చెడు చెయ్యాలని చేసేవాళ్లతో నాకు సులువు, అమర్. వాళ్ల మీద కేసు పెడతాను. సాయం చేసేవాళ్లతోనే నాకు చావొస్తోంది.”

అమరేందర్ హెడ్‌సెట్ తల మీద పెట్టుకున్నాడు. అందులో ఎవరూ లేరు. అప్పటికే కాల్ అయిపోయింది.

నీలిమ ముందుకొచ్చింది. మాట్లాడటం మొదలుపెడితే ఆగలేదు. అసలు ఫైళ్లున్నాయి. పెద్దవి రేపటికి రావు గానీ, టౌన్లో గంటలో చిన్నవి తీసిచ్చే షాపు ఉంది. అరచేయంత ఫొటోలు. దిద్దిన పెద్దదాని పక్కన దిద్దని చిన్నదాన్ని పెడదాం. ఏం జరిగిందో రాసి పెడదాం. దాచొద్దు. నా ఫొటో కూడా పెడతాను, ఇదిగో ఈ పెళ్లి చూపుల ఫొటో, ఇరవై ఐదోదిగా. ఇది మా ఇంట్లోనే పుట్టిన రోగమని నేనే నిలబడి చెబుతాను.

చిపో విన్నది. ఆకుపచ్చ చీర ఫొటో తీసుకుని, నీలిమ ముఖం పక్కన పెట్టి చూసింది. పద్నాలుగేళ్ల క్రితం ఒక అత్తగారు చూసినట్టే. కానీ ఈమె ‘పిల్ల ఏది’ అనలేదు.

“మీ నాన్న పని పెద్దగా, మా ముఖాలు చిన్నగానా?”

నీలిమ పెద్ద ఫొటోల వరస వైపు తిరిగి చూసింది.

“పెద్దవి గోడవైపు తిప్పు,” అంది చిపో. “వెనక అట్ట తెల్లగానే ఉంటుంది కదా. ఆ అట్ట మీద మా చిన్న ఫొటోలు గుచ్చు. తెల్లటి అట్ట నడుమ నల్లగా, అరచేయంత. చూడాలంటే ప్రతివాడూ దగ్గరికి రావాలి. వంగాలి.”

“వస్తారు. వంగుతారు.”

“నీ పెళ్లి చూపుల ఫొటో మాత్రం తిప్పకు. దాన్ని అందరూ చూడాలి.” చిపో పెదవి ఒక మూల కదిలింది. “వెన్నముద్దలా ఉన్నావు. తినబుద్ధవుతోంది.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. సంతోషం నవ్వు కాదు. దెబ్బ తగిలినచోట చేయి పెట్టుకుంటే వచ్చే నవ్వు. చిపో అప్పుడు కోటు విప్పింది.

“సెకురు కూడా రావాలి,” అంది. “వచ్చి నిలబడాలి. తిప్పి పెట్టింది ఎందుకో ఆయనే చెప్పాలి.”

నీలిమ తెలుగులో చెప్పింది. రామలింగయ్య గుండెల మీద చేయి పెట్టుకున్నాడు.

“అందరి ముంగట నేను నిలవడాల్నా? నా పని తప్పని నా నోటితోటి?”

“అవును నాయినా.”

“ఎన్నడు ఇట్ల అడగకపోతివి బిడ్డా.” ఆయన మెట్ల పక్కనున్న రుఫారో ఫొటో దగ్గరికి వెళ్లాడు. కళ్లజోడు పైకి నెట్టి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. “చెవి కాడ తప్పువోయింది,” అన్నాడు. “చెవి ఇడిసిపెట్టిన. నల్లగనే ఉన్నది. గదొక్కటే పానంతోని ఉన్నది.”

నీలిమకు కళ్లు చెమర్చాయి. నలభై ఏళ్లలో ఆయన నోట అంతకంటే పెద్ద ఒప్పుకోలు రాలేదు. రావచ్చు రేపు, అనుకుంది.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినబడ్డాయి.

రుఫారో దిగి వస్తోంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి. బాత్‌రూంలో చేతులు కడుక్కుందేమో, మోచేతుల దాకా తడి. ఆ తడి చేతులతో ఒక చిన్న స్టీలు డబ్బాను ఒంటికి దూరంగా పట్టుకుంది.

నీలిమకు ఆ డబ్బా తెలుసు. సహస్ర పుట్టెంట్రుకల నాడు అత్తగారు నిర్మలాదేవి ఇచ్చింది. మూత మీద పేరు కొట్టించింది, చుక్కలు చుక్కలుగా, తెలుగు అక్షరాల్లో.

చుక్కలు చుక్కలుగా.

“మమ్మీ,” అంది రుఫారో తల్లితో. “దిస్ ఈజ్ ద బాక్స్. విత్ ద డాట్స్.”

అమరేందర్ తల మీద హెడ్‌సెట్ పక్కకు జారింది, దాన్ని సర్దుకోలేదు. రామలింగయ్యకు ఇంగ్లీషు రాదు, కానీ డబ్బాను చూశాడు, కూతుర్ని చూశాడు, గోడకు చేయి ఆన్చాడు.

చిపో డబ్బా తీసుకుని మూత తీసింది. లోపల శనగపిండి, పసుపు, ఎండబెట్టి దంచిన నారింజ తొక్కలు. రెండు వేళ్లతో చిటికెడు తీసి వాసన చూసింది. ఆ రాత్రి కూతురి జడలు మూడుసార్లు కడిగిన మనిషికి ఆ వాసన ఎవరూ చెప్పనక్కర్లేదు.

“సహస్రా,” అని పిలిచింది నీలిమ.

సహస్ర పై మెట్టు మీద ఉంది. కిందకు రాలేదు. చేతిలో జెల్ పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ ఉంది.

“షి వాజ్ క్రయింగ్,” అంది. “ఎవరో ఏదో అన్నారు, సో షి వాజ్ క్రయింగ్. నెక్స్ట్ డే బాక్స్ స్కూల్‌కి తీసుకెళ్లా. ఐ వాజ్ హెల్పింగ్ హర్. నువ్వే కదా మమ్ చెప్పావ్. యూ సెడ్ ఇట్ వర్క్స్.”

“ఎక్కువ మంటగా ఉండదంది,” అన్నది రుఫారో నేల చూస్తూ, ఇంగ్లీషులో. “మంటగా ఉంది. కానీ తను నా ఫ్రెండు. అందుకే చెప్పలేదు.”

చిపో మూత పెట్టింది. చుక్కల మీద బొటనవేలితో ఒకసారి రాసింది, చదవలేని పేరును చదువుతున్నట్టు. తర్వాత డబ్బాను తీసుకెళ్లి ఆకుపచ్చ చీర ఫొటో పక్కన, నేల మీద పెట్టింది.

“ఆ తల్లి ముఖం ఒక్కసారి చూడాలన్నావు నీల్,” అంది. “హెడ్‌టీచర్ గదిలో. నేను నీ చేయి పట్టుకున్నాను.”

నీలిమ చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఏదైనా అనాలి. నాయినకు ఇందాక అన్న మాటలన్నీ గదిలోనే ఉన్నాయి, ఒక్కటీ బయటికి పోలేదు. మంచి గురించి నాకు చెప్పకు. నా ముఖాన్ని మూశావు. ఇప్పుడు వాటిలో ఏది తీసి మీద వేసుకోవాలి?

చిపో కోటు వేసుకుంది. రుఫారో చేయి పట్టుకుంది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

“పదింటికి వస్తాం. ఇరవై నాలుగు మందిమీ వస్తాం. గోడ మీద ఏముంటుందో చూస్తాం.”

తలుపు వేయకుండా వెళ్లిపోయింది. బయటి చలి నేరుగా లోపలికొచ్చి ఫొటోల మధ్య నిలబడింది. దాన్ని మూయడానికి అమరేందరూ కదల్లేదు, రామలింగయ్యా కదల్లేదు.

సహస్ర ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. ఇంట్లో ఎంత అడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, తల్లి ముందు నిలబడి, మాటలు కూడబలుక్కుని తెలుగులో అడిగింది.

“మమ్మీ... ఈ సండే నాకు నలుగు పెడతావా?”